ముల్లు పీకించండి, సుఖపడండి!

కాల్లో ముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తారు? పీకేస్తారు. మరి కారు డాష్‌బోర్డులో కూర్చుని రోజూ మీ కళ్ళలో గుచ్చుకుంటున్న ఆ ఎర్రముల్లుని ఎందుకు భరిస్తున్నారండీ?

నేను స్పీడోమీటరు గురించే మాట్లాడుతున్నాను. మనిషి కనిపెట్టిన చాడీకోరు యంత్రాల్లో దాన్ని మించింది లేదు. మీరు కొనుక్కున్న కారులో, మీ ఎదురుగానే బైఠాయించి, మీరెంత తప్పు చేస్తున్నారో మీకే అంకెల్లో చూపిస్తుంది. ఇంతకన్నా అవమానం ఉంటుందా? అది చాలదన్నట్టు దాని పొట్టలో ఇంకో చిన్న కిటికీ! కారు పుట్టిననాటి నుంచి మీరు తిరిగిన తిరుగుళ్ళన్నీ అందులో కూడిపెట్టుకుంటుంది. అత్తగారైనా నాలుగు విషయాలు మర్చిపోతుంది గానీ అది మర్చిపోదు.

అందుకని నా మనవి ఒక్కటే. పీకించేయండి!

"చెప్పొచ్చాడండీ పెద్దమనిషి, అసలు ఈయనెవరు?" అంటారేమో. చెబుతాను. నేను కాటాల కంపెనీలో పనిచేస్తాను. షాపుల్లో, గోడౌన్లలో, ఆసుపత్రుల్లో ఉన్న కాటాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూసి, తేడా ఉంటే సరిచేసి సీలు వెయ్యడం మా పని. నాది రికార్డు సెక్షను, ఆఫీసులో అందరూ 'రైటరు గారు' అంటారు. అంటే కొలతల గురించి మాట్లాడే హక్కు నాకు మీకన్నా కొంచెం ఎక్కువే ఉంది.

రెండో సంగతి. మా కంపెనీ వ్యాను స్పీడోమీటరు ఏడాది కింద పీకించాం. దానివల్ల కలిగిన లాభాలన్నీ నేను కళ్ళారా చూశాను.

మూడోది, అసలైంది. ఆ పీకుడు పుణ్యమా అని మా డ్రైవరు ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నంత దూరం వచ్చింది వ్యవహారం. రిటైరవడానికి పద్నాలుగు నెలలున్న మనిషి. ఆయన ఉద్యోగం కాపాడే భారం తిరిగి తిరిగి నా నెత్తినే పడింది. ఎంత తెలివిగా కాపాడానో వింటే మీరే నాకు శాలువా కప్పుతారు. కాస్త ఓపిక పట్టండి.

ముందు ఆ డ్రైవరు ఎవరో చెప్పాలి. ఆయన్ని ఆఫీసంతా 'నలభై బాబాయి' అంటాం. వయసు చూసి కాదు, వయసు యాభై ఏడు. ఇరవై ఆరేళ్ళుగా మా కంపెనీ బండ్లు తోలుతూ ఏనాడూ ముల్లుని నలభై దాటనివ్వలేదు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి చేతులు నొప్పెట్టి ఊరుకునేవాళ్ళు. ఓసారి సైకిలు మీద పోతున్న పాలవాడు బాబాయిని దాటేసి, వెనక్కి తిరిగి, "ఏం బాబాయ్, నెట్టమంటావా?" అని అడిగాడట.

ఎందుకయ్యా ఈ నత్తనడక అని నేనూ అడిగాను ఒకసారి. వ్యాను వెనక తలుపు తీసి చూపించాడు. ఇరవై కిలోల తూకపురాళ్ళు, ఇనప దిమ్మలు, వరసగా ఉన్నాయి. ఒక్కో దానికింద ఒక్కో గోనెపట్టా.

"గతుకుల్లో ఇవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయండీ రైటరు గారూ. గుద్దుకుంటే అంచులు అరుగుతాయి. అంచు అరిగితే బరువు తగ్గుతుంది. తగ్గిన రాయి పట్టుకెళ్ళి ఊళ్ళో కాటాలన్నీ సరిచేశామంటే ఊరు మొత్తం తప్పే తూస్తుంది కదండీ."

విన్నారా చాదస్తం! ఇనుము అరుగుతుందని మనిషి ఇరవై ఆరేళ్ళు నెమ్మదిగా తోలాడు. ఇలాంటివాళ్ళు ఉండబట్టే దేశాలు ముందుకి పోవడం లేదు.

సరే, ముల్లు దగ్గరికి వద్దాం. శత్రువుని చంపేముందు వాడి బలం తెలుసుకోవాలంటారు కదా. అందుకని మా వ్యాను చూసే మెకానిక్కుని అడిగాను, అసలు దీనికి స్పీడు ఎలా తెలుస్తుందయ్యా అని.

"పాత బండ్లలో చాలా తేలికండీ," అన్నాడు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "గేరుబాక్సు లోంచి ఒక కేబుల్ వస్తుంది. చక్రాలు తిరిగితే అదీ తిరుగుతుంది. మీటరు లోపల ఆ కేబుల్ చివర ఓ అయస్కాంతం ఉంటుంది. దానిమీద పల్చటి అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. ముల్లు ఆ గిన్నెది."

"అయస్కాంతం గిన్నెని పట్టుకుని తిప్పుతుందన్నమాట!"

"అబ్బే, తగలనే తగలదండీ. అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు కదా. కాకపోతే పక్కన అది గిరగిరా తిరుగుతుంటే గిన్నెలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు వల్ల గిన్నె కూడా దాని వెంట పోదామని చూస్తుంది. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్ళ మధ్య ముల్లు ఎక్కడ ఆగితే అదే మీ స్పీడు."

ఆహా! ముట్టుకోదు, మాట్లాడదు, ఊరికే పక్కన తిరుగుతుంది. అంతమాత్రానికే అవతలివాడు తల తిప్పేస్తాడు. మా మేనేజరు గారు పొద్దున్నే ఆఫీసులో ఒక రౌండు కొడితే అచ్చం ఇదే జరుగుతుంది. కాకపోతే మాలో వెనక్కి లాగే స్ప్రింగు లేదు.

ఇంకో గుట్టు కూడా మెకానిక్కే విప్పాడు. ముల్లు ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే చూపించేలా పెడతారట! తక్కువ చూపిస్తే తయారుచేసినవాడి మెడకి చుట్టుకుంటుందని ముందుజాగ్రత్త. టైర్లు అరిగితే ఒక లెక్క, పెద్ద టైర్లు వేస్తే ఇంకో లెక్క. అంటే పుట్టుకతోనే అబద్ధాలకోరన్నమాట. అలాంటిదాని మాట విని ఇన్నేళ్ళు బ్రేకులు తొక్కామా మనం? సిగ్గుచేటు!

"మరి చంపడం ఎలా?"

"కేబుల్ పీకడమేనండీ. కిలోమీటర్ల అంకెలు తిప్పేది కూడా అదే. ఒక్కటి పీకితే రెండూ పోతాయి. ముల్లు సున్నా మీద పడుకుంటుంది, అంకెలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ బెజ్జానికి మాత్రం ఏదన్నా బిరడా కొట్టాలి, లేకపోతే గేరుబాక్సు ఆయిలు కారిపోతుంది." చివర్న, "కానీ మంచిపని కాదండీ," అన్నాడు. అతనికి తత్వం తెలీదు, పని మాత్రమే తెలుసు. క్షమించేశాను.

ఇంతకీ మా కంపెనీకి ఈ జ్ఞానోదయం ఎలా అయింది? మేనేజరు గారి ఆదివారాల వల్ల.

ప్రతి ఆదివారం కంపెనీ వ్యాను మేనేజరు గారి కుటుంబసేవలో ఉండేది. వాళ్ళావిడ పుట్టింటికి, వాళ్ళ పెద్దమ్మాయి హాస్టలుకి, వాళ్ళ తోడల్లుడు కొత్తగా కడుతున్న ఇంటికి. ఒకసారి హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: 'ఆదివారం నాడు నూట ఎనభై కిలోమీటర్లు వెళ్ళి ఏ కాటా సరిచేశారో తెలుపగలరు.' వేరేవాళ్ళయితే ఆదివారం తిరుగుళ్ళు ఆపేవాళ్ళు. మేనేజరు గారు దూరదృష్టి ఉన్న మనిషి. కిలోమీటర్లు ఆపారు!

మొదట్లో శనివారం సాయంత్రం కేబుల్ పీకడం, సోమవారం పొద్దున బిగించడం. నాలుగు నెలలు అలా గడిచాక మెకానిక్కు చేతులెత్తేశాడు. "మరలు అరిగిపోయాయి సార్. ఇక పీకుతూ బిగిస్తూ ఉండటం నావల్ల కాదు. ఉంచితే ఉంచండి, తీస్తే తీసెయ్యండి."

మేనేజరు గారు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "తీసెయ్," అన్నారు. కాగితం మీద కాదు లెండి, నోటితో. ఆయన నోటికి కేబుల్ ఎప్పుడో పీకేశారు, ఎంత మాట్లాడినా ఎక్కడా నమోదు కాదు.

ఆ రోజు మీటరు మీద అంకె 41,206. ఆ మీటరుకి అయిదు గళ్ళే. అప్పటికే ఒకసారి లక్ష దాటి సున్నాకొచ్చి మళ్ళీ మొదలెట్టింది.

మా వ్యానుకి ఒక లాగుబుక్కు ఉంది. ఎక్కడికెళ్ళినా బయల్దేరేముందు అంకె, తిరిగొచ్చాక అంకె రాసి, డ్రైవరు సంతకం పెట్టాలి. మొదటిరోజు సాయంత్రం బాబాయి ఆ పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"రైటరు గారూ, పొద్దున నలభై ఒక వేల రెండొందల ఆరు. ఇప్పుడూ అంతే. ఏం రాయమంటారు?"

"ఉన్నది రాయి బాబాయ్."

"ఉన్నది రాస్తే అబద్ధం రాసినట్టుంది కదండీ."

"మీటరు మీద ఏముందో అది రాయడం నీ డ్యూటీ. అబద్ధమో నిజమో చూసేవాళ్ళు వేరే ఉన్నారు," అన్నాను. అలాంటివాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. ఆయన కలం తీసి, 41,206 పక్కన 41,206 రాసి సంతకం పెట్టాడు. అది మొదలు పదకొండు నెలలు అదే అంకె, అదే సంతకం.

ఇక లాభాలు చూడండి!

బండికి వయసు ఆగిపోయింది. అద్దం మీద సర్వీసు స్టిక్కరు ఉంది, '45,000 కి రండి' అని. ఇంకెక్కడి 45,000? ఆయిలు మార్చక్కర్లేదు, బ్రేకులు చూడక్కర్లేదు, టైర్లు చూడక్కర్లేదు. మనుషులకి కూడా ఇలాంటి కేబుల్ ఒకటి ఉంటే జుట్టుకి రంగేసుకునే బాధ తప్పేది కదా! ఇంజను దగ్గుతోందని బాబాయి రెండుమూడుసార్లు చెప్పాడు. కాగితం ప్రకారం ఆ ఇంజను తిరగనే లేదు, దగ్గెందుకొస్తుంది?

డీజిలు సంగతి ఏమిటంటారా? జనరేటరు తాగిందని రాశాం. ఆ ఏడాది కరెంటు పోయింది మొత్తం రెండుసార్లు. అయినా మా జనరేటరు ఏనుగులా తాగింది. అడిగిన పాపాన పోయినవాడు లేడు.

అన్నట్టు, ఏ రోజు ఏ షాపులో ఏ కాటా సరిచేశామో రాసే రిజిస్టరు వేరే ఉంది. దాని ప్రకారం మా వ్యాను ఆ పదకొండు నెలల్లో ఆరొందల చోట్లకి వెళ్ళింది. లాగుబుక్కు ప్రకారం గుమ్మం దాటలేదు. ఆ రెండు పుస్తకాలూ నా బీరువాలో ఒకే అరలో ఉంటాయి. మాటల్లేని తోడికోడళ్ళు ఒకే వంటగదిలో మసిలినట్టు ఇన్నాళ్ళూ ఒకదాని మొహం ఒకటి చూడలేదు. మధ్యలో ఉన్న నేను రెండువైపులా మంచిగానే ఉన్నాను.

అసలు గొప్ప వినండి. ఏడాది చివర హెడ్డాఫీసు మా బ్రాంచికి షీల్డు ఇచ్చింది, 'వాహన వినియోగంలో ఆదర్శ పొదుపు' అని! మేనేజరు గారు సూటు కుట్టించుకుని వెళ్ళి పుచ్చుకున్నారు. అక్కడికి తీసుకెళ్ళింది ఆ వ్యానే. వెళ్ళేటప్పుడు 41,206. షీల్డుతో తిరిగొచ్చేటప్పుడు 41,206.

ఇంత చూశాక నేను ఊరుకుంటానా? నా సొంత పాత కారు కేబుల్ కూడా పీకించాను. మా ఆవిడకి కారెక్కగానే ముల్లు చదివే అలవాటు. "అరవై... అరవై రెండు... అయ్యో అరవై అయిదు!" అని వేలంపాట పాడేది. మొదటిరోజు పాట లేదు. ఎంత ప్రశాంతత! రెండోరోజు నుంచి ముల్లు బదులు నా మొహం చూడటం మొదలెట్టింది. "మీ పళ్ళు బిగుసుకున్నాయి, డెబ్బై దాటారు, తగ్గించండి," అంటుంది. కచ్చితంగా చెబుతుంది, ఎలాగో నాకు తెలీదు. ఆ మీటరు పీకే మెకానిక్కు ఇంకా పుట్టలేదు.

నా ఉపదేశం విని మా బావమరిది కూడా ముచ్చటపడ్డాడు. వాడిది సరికొత్త కారు. అందులో కేబులూ గిన్నే ఏమీ ఉండవు, చక్రం దగ్గర ఒక సెన్సరు ఉంటుంది, వైరు గుండా కంప్యూటరుకి కబురు పంపుతుంది. వీడు ఆ వైరు పీకాడు. అంతే! డాష్‌బోర్డు మీద ఎర్రవీ పచ్చవీ లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. గేరు దానంతటదే మారే కారు, మారడం మానేసి ఒకే గేరులో గింజుకోవడం మొదలెట్టింది. స్టీరింగు రాయిలా బిగిసింది. తడిరోడ్డు మీద చక్రం జారకుండా కాపాడే బ్రేకు వ్యవస్థ సెలవు పెట్టింది.

"బావా, ఒక్క వైరే కదా పీకాను!" అని ఫోన్లో ఏడుపు.

"ఒరేయ్, కొత్త కార్లలో ఒకడికి నిజం తెలియకపోతే అందరూ పని మానేస్తారు. అదే వాటి జబ్బు. మా ఆఫీసు చూసి నేర్చుకోమను," అన్నాను. నిజం తెలియకపోయినా మా ఆఫీసులో ఒక్క లైటు వెలగలేదు. అందరం నిమ్మకు నీరెత్తినట్టు పనిచేసుకుంటూనే ఉన్నాం.

ఇంత హాయిగా సాగిపోతుంటే, ట్రాఫిక్ ఆఫీసు నుంచి ఒక నోటీసు ఊడిపడింది!

మా వ్యాను, మా నంబరు ప్లేటు, ఫొటోతో సహా. యాభై దాటకూడని రోడ్డు మీద డెబ్బై ఒకటి. స్టీరింగు దగ్గర నలభై బాబాయి.

ఆఫీసంతా ముక్కున వేలేసుకుంది. బాబాయా? డెబ్బై ఒకటా? సంగతేమిటంటే ఆ రోజు మేనేజరు గారి తోడల్లుడు రైలందుకోవాలి. కొత్తగా వేసిన పెద్ద రోడ్డు, గతుకు లేదు. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి, ఏసీ మోగుతోంది. మేనేజరు గారు వెనక సీట్లోంచి, "నలభై కూడా లేదయ్యా, పోనీ, పోనీ!" అంటూనే ఉన్నారు. బాబాయి ముల్లు వైపు చూశాడు. ముల్లు సున్నా చూపించింది.

మెకానిక్కుని అడిగితే అన్నాడు, "పెద్ద రోడ్డు మీద అరగంట తోలితే ఎంతటివాడికైనా కళ్ళు మోసం చేస్తాయండీ. డెబ్బై కూడా నడుస్తున్నట్టే ఉంటుంది. అందుకే కదా మీటరు పెట్టింది."

మా కంపెనీలో రూలు ఒకటుంది. స్పీడు నోటీసు వస్తే డ్రైవరుని తీసెయ్యాలి, మారుమాట లేదు. వెంటనే విచారణ కమిటీ వేశారు. అధ్యక్షులు ఎవరనుకున్నారు? మేనేజరు గారే! సభ్యురాలు హెచ్చార్ మేడమ్. రాతకోతలకి నేను. కంచే చేను మేసిందో లేదో తేల్చమని కంచెనే కూర్చోబెట్టారన్నమాట.

బాబాయి వచ్చి నిలబడ్డాడు. కుర్చీ ఉంది గానీ కూర్చోలేదు.

"తోలింది నేనేనండీ," అన్నాడు. "డెబ్బై ఒకటి అంటే డెబ్బై ఒకటే అయ్యుంటుంది. నాకు తెలీదు. తెలుసుకునే దారి..." అని మేనేజరు గారి వైపు చూశాడు.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఆ క్షణంలో నా బుర్ర పాదరసంలా పరిగెత్తింది. బాబాయి నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. కేబుల్ పీకించింది ఎవరని మొదలైతే మేనేజరు గారిది పోతుంది, తర్వాత లాగుబుక్కు అలా రాయించిన నాది పోతుంది. తిలాపాపం తలా పిడికెడు! మరి అందరినీ కాపాడేదెలా? ముల్లుని ముల్లుతోనే తియ్యాలన్నారు పెద్దలు. లాగుబుక్కు తెచ్చి బల్లమీద తెరిచాను.

"సార్, ఫొటో తీసిన రోజు మన వ్యాను ఎక్కడుంది? రికార్డు చూడండి. 41,206 దగ్గర బయల్దేరింది, 41,206 దగ్గర ఆగింది. అంటే కదల్లేదు. కదలని బండి డెబ్బై ఒకటిలో ఎలా పోతుంది?"

హెచ్చార్ మేడమ్ కళ్ళజోడు సవరించుకున్నారు. "మరి మీటరు పనిచెయ్యడం లేదేమో?"

"భేషుగ్గా పనిచేస్తోంది మేడమ్. బండి కదలట్లేదు గనక సున్నా చూపిస్తోంది."

మేనేజరు గారి మొహంలోకి నెత్తురొచ్చింది. "అద్భుతం," అన్నారు.

"రైటరు గారూ..." అని బాబాయి ఏదో అనబోయాడు.

"నువ్వూరుకో బాబాయ్! నీకోసమే ఇదంతా," అని కసిరాను. అంతకుముందు ఏనాడూ నేనాయన్ని కసరలేదు.

నివేదిక నేనే రాశాను. మూడు పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. 'సదరు వాహనం గత పదకొండు నెలలుగా ఒక్క కిలోమీటరైనా కదిలి ఉండలేదని రికార్డులు నిస్సందేహంగా రుజువు చేయుచున్నవి. కనుక డ్రైవరు నిర్దోషి.' ట్రాఫిక్ ఆఫీసుకి విడిగా ఇంకో ఉత్తరం. మీ కెమెరా తప్పు చూపిస్తున్నట్టుంది, కావాలంటే మా కంపెనీ వచ్చి సరిచేసి సీలు వేస్తుంది అని!

బాబాయి ఉద్యోగం నిలబడింది. ఆ సాయంత్రం అందరం టీలు తాగాం. చూశారా ముల్లు పీకడంలో ఉన్న మహిమ? మీటరు బతికుంటే మనిషి చచ్చేవాడే!

మూడు వారాలు గడిచాయి. హెడ్డాఫీసు నుంచి జవాబొచ్చింది.

'మీ నివేదిక అందినది. డ్రైవరు నిర్దోషి అన్న మీ నిర్ణయంతో ఏకీభవిస్తున్నాము. అయితే సదరు వాహనం పదకొండు నెలలుగా కదలలేదని మీరే రుజువు చేసినందున, కదలని వాహనానికి డ్రైవరు అవసరమేమిటో అర్థం కాకున్నది. నెలాఖరు నుండి డ్రైవరు పోస్టు రద్దు.'

కాగితం చదివి మేనేజరు గారు, "పైవాళ్ళ నిర్ణయం, మన చేతుల్లో ఏముంది?" అన్నారు. నిజమే. మా చేతుల్లో షీల్డు ఉంది.

బాబాయి నా బల్ల దగ్గరకొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"రైటరు గారూ, గట్టిగా తోలానని తీసేస్తే అదొక లెక్క. తప్పు చేశాను, పోయింది అనుకునేవాణ్ణి. అసలు తోలనే లేదని తీసేస్తారా? ఎండల్లో, వానల్లో ఈ పదకొండు నెలలూ ఎక్కడున్నానండీ నేను? ఇంటికెళ్ళి మా ఆవిడకి ఏం చెప్పమంటారు?"

"రికార్డు అలా ఉంది బాబాయ్," అన్నాను. ఆ మాట అన్నందుకు నా నాలుక కోసుకోవాలనిపించింది. కోసుకోలేదు లెండి. నాలుకతో ఇంకా చాలా పనులున్నాయి.

ఆఖరిరోజు పిల్లల ఆసుపత్రిలో పని. పుట్టిన బిడ్డల్ని తూచే కాటాలు పది, సరిచెయ్యాలి. పొద్దున్నే రాళ్ళు ఎక్కించుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. రాళ్ళు దింపి, బండి తుడిచి, తాళాలు నా బల్లమీద పెట్టాడు. లాగుబుక్కు అడిగి తీసుకుని, నిలబడే రాశాడు. నాకు నమస్కారం పెట్టలేదు. వెళ్ళిపోయాడు.

పుస్తకం తెరిచి చూశాను.

'బయల్దేరినప్పుడు: 41,206. తిరిగొచ్చినప్పుడు: తెలియదు. వెళ్ళాను, వచ్చాను.' కింద సంతకం.

పదకొండు నెలల్లో ఆ పుస్తకంలో ఎవరైనా రాసిన నిజం అదొక్కటే. మేనేజరు గారు చూసి అదిరిపడ్డారు. "ఇదేమిటయ్యా! ఆడిట్లో దొరికితే అందరం పోతాం. సరిచెయ్, సరిచెయ్!" అన్నారు.

రికార్డు సెక్షన్లో పాతికేళ్ళ అనుభవం నాది. కొత్త బ్లేడు తీసి, కాగితం చిరక్కుండా, ఆ 'తెలియదు'ని, ఆ 'వెళ్ళాను, వచ్చాను'ని మెల్లగా గీకేశాను. గోటితో నున్నగా రుద్దాను. ఆయన రాతని పోలిన రాతలోనే 41,206 అని వేశాను. సంతకం మాత్రం ఆయనదే ఉంచాను, అది అవసరం.

సిగ్గు లేదా అంటారా? ఉందండీ. ఎంత ఉందని మాత్రం అడక్కండి. చెప్పాను కదా, మా దగ్గర కొలిచేవన్నీ పీకించేశాం.